‘అజ్ఞాతం’ తెలిసినవాళ్ళకి ‘ఇన్‌కాగ్నిటో’ కష్టమా?

అమీర్‌పేటలో జీఆర్ఈ (అమెరికాలో పై చదువులకి రాసే పరీక్ష) కోచింగ్‌కి వెళ్ళొచ్చినవాళ్ళను ఎవరినైనా కదిపి చూడండి. ‘అబేట్’, ‘అబెరంట్’, ‘అబ్‌స్టీమియస్’ అంటూ ఇంగ్లీషు ‘ఏ’ అక్షరంతో మొదలయ్యే మాటలు గడగడా అప్పజెప్తారు. బీ దగ్గర కాస్త తడబడతారు. సీ దాటినవాళ్ళు నాకు తెలిసి చాలా తక్కువ. నేనూ ఆ బాపతే. వేల మాటల జాబితా జిరాక్స్ తీయించుకుని, రోజుకి యాభై చొప్పున బట్టీ పడదామని మూడుసార్లు మొదలుపెట్టాను. మూడుసార్లూ సీ దగ్గరే బండి ఆగింది. 2011 ఆగస్టులో ఆ పరీక్షలోంచి వ్యతిరేకపదాల ప్రశ్నలు తీసేశారు కూడా. అయినా ఆ జిరాక్సులు మాత్రం హాస్టల్ గదుల్లో చేతులు మారుతూనే ఉన్నాయి.

నా పద్ధతి మారింది ఒక చిన్న మాట వల్ల. బ్రౌజర్‌లో అందరం చూసే ‘ఇన్‌కాగ్నిటో’. దీని పుట్టుక ఏమిటా అని నిఘంటువు తీస్తే, లాటిన్‌లో ‘ఇన్’ అంటే కాదు, ‘కాగ్నిటుస్’ అంటే తెలిసినది అని ఉంది. అంటే ‘అ’, ‘జ్ఞాత’. పాండవులు విరాటుడి కొలువులో చేసిన పనికీ బ్రౌజర్‌లో మనం నొక్కే బొత్తానికీ పేరు ఒకటే! అర్థం ఒక్కటే కాదు, ఆ ‘గ్న’, మన ‘జ్ఞ’ పుట్టింది కూడా ఒకే వేరు నుంచి.

ఇది కాకతాళీయం కాదు. కలకత్తాలో జడ్జిగా పనిచేసిన విలియం జోన్స్ 1786లోనే ఏషియాటిక్ సొసైటీ సభలో ఈ మాట చెప్పాడు: సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలభాష నుంచి పుట్టి ఉండాలని. తరవాతి సంగతి మనకి తెలిసిందే. తెలుగు తన పండిత పదాలను సంస్కృతం నుంచి తెచ్చుకుంది, ఇంగ్లీషు తన పండిత పదాలను లాటిన్, గ్రీకుల నుంచి తెచ్చుకుంది. అప్పు ఇచ్చినవాళ్ళు అక్కచెల్లెళ్ళు కాబట్టి, అప్పు తెచ్చుకున్న మన రెండు ఇళ్ళలోనూ ఒకే రకం గిన్నెలు కనిపిస్తాయి. పరీక్షల్లో కష్టం అనిపించే ఇంగ్లీషు మాటలు ఎక్కువగా ఈ గిన్నెలే.

కావలసినవి మూడే: ఒక లాంగ్ నోటుబుక్, మాటల పుట్టుక చూపించే నిఘంటువు (‘ఆన్‌లైన్ ఎటిమాలజీ డిక్షనరీ’ ఉచితంగా దొరుకుతుంది), పదో తరగతిలో మార్కుల కోసం చదివి వదిలేసిన తెలుగు వ్యాకరణం. ఇక్కడ ఇంగ్లీషు మాటలన్నీ తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను. స్పెల్లింగ్ మీరే వెతికి రాసుకోండి. ఆ వెతుకులాటలోనే సగం చదువు అయిపోతుంది.

1. ఒక వేరు పట్టుకోండి, ఒక అక్షరం కాదు

మొదటి రోజు ‘జ్ఞ’తోనే మొదలుపెట్టండి. మనం జ్ఞానాన్ని ‘గ్నానం’ అని పలుకుతాం. గ్రీకువాళ్ళ ‘గ్నోసిస్’ అదే. తెలుసుకోవడం అనే అర్థంలో ఇంగ్లీషు ‘నో’ స్పెల్లింగ్ మొదట్లో ఉన్న పలకని ‘కే’ కూడా ఆ ‘గ’కి మిగిలిన గుర్తే. ఒకప్పుడు ఇంగ్లీషువాళ్ళు దాన్ని పలికేవాళ్ళు.

పేజీ మధ్యలో ‘జ్ఞ / గ్నో’ అని రాసి చుట్టూ కుటుంబాన్ని చేర్చుకుంటూ పోండి. ‘డయాగ్నోసిస్’: విడదీసి తెలుసుకోవడం, రోగ నిర్ధారణ. ‘ప్రోగ్నోసిస్’: ముందే తెలుసుకోవడం, రోగం ఎటు పోతుందో డాక్టరు చెప్పే అంచనా. ముక్కలుగా చూస్తే ఇది ‘ప్ర’, ‘జ్ఞ’. అంటే మన ‘ప్రజ్ఞ’ లాంటి కట్టుబడే, అర్థం మాత్రం వేరే దారి పట్టింది. ‘అగ్నాస్టిక్’: దేవుడు ఉన్నాడో లేడో తెలియదు అనేవాడు. ఇంగ్లీషు జీవశాస్త్రవేత్త థామస్ హక్స్‌లీ 1869లో తయారుచేసిన మాట ఇది. మనవాళ్ళు దాన్ని ‘అజ్ఞేయవాది’ అన్నారు. తెలిసి అన్నారో తెలియక అన్నారో గానీ అదే వేరు, అదే ఉపసర్గ (మాట ముందు చేరే ముక్క). ‘ఇగ్నరెంట్’, ‘కాగ్నిటివ్’, ‘రికగ్నైజ్’ సరే. ‘నోబుల్’ కూడా ఈ ఇంటిదే అంటే మొదట నేనూ నమ్మలేదు. పాత లాటిన్‌లో దాని అర్థం ‘అందరికీ తెలిసినవాడు’, అంటే పేరున్న కుటుంబంవాడు. ముందున్న ‘గ’ రాలిపోయింది. దాని వ్యతిరేకపదం ‘ఇగ్నోబుల్’లో మళ్ళీ తల ఎత్తింది చూడండి.

పది నిమిషాల్లో ఎనిమిది మాటలు. ఇందులో బట్టీ ఎక్కడుంది?

2. ఉపసర్గలను పక్కపక్కన పెట్టండి

‘ప్ర, పరా, అప, సం, అను, అవ...’ అని బడిలో పాడింది గుర్తుందా? దాన్ని ఇప్పుడు బయటికి తీయండి.

అన్నిటికంటే ముందు ‘అ’, ‘అన్’. సంస్కృతంలో హల్లు ముందు ‘అ’ వస్తుంది, అచ్చు ముందు ‘అన్’ వస్తుంది: అధర్మం, కానీ అనంతం. గ్రీకులోనూ సరిగ్గా ఇదే నియమం. ‘ఎపతీ’, ‘ఎథీస్ట్’ అన్నప్పుడు ఒక్క అచ్చే. ‘అనార్కీ’, ‘అనానిమస్’ అన్నప్పుడు మధ్యలో నకారం. ‘అనానిమస్’ అంటే పేరు లేనిది, అనామకం. నామం కూడా ఆ ఇంటి బంధువే. ఇది చూసిన రోజు నాకు వ్యాకరణం మాస్టారి మీద కొత్తగా గౌరవం పుట్టింది.

తరవాత ‘సు’, ‘దుస్’. గ్రీకులో ఇవి ‘యూ’, ‘డిస్’ అయ్యాయి. ‘యూఫొనీ’ సుస్వరం. ‘యూలజీ’ ఒకరి గురించి మంచిగా చెప్పడం, సాధారణంగా వాళ్ళు పోయాక. ‘యూఫెమిజం’ చేదు సంగతిని మంచి మాటలతో చెప్పడం: ‘చచ్చిపోయాడు’ అనకుండా ‘కాలం చేశాడు’ అంటామే, అది. ‘డిస్టోపియా’, ‘డిస్పెప్సియా’ దుస్ కుటుంబం. ఇక్కడ జాగ్రత్త. ‘డిస్‌లైక్’లో ఉన్న ‘డిస్’ లాటిన్‌ది, వేరే మాట. స్పెల్లింగ్‌లో ‘వై’ ఉంటే గ్రీకు దుస్, ‘ఐ’ ఉంటే లాటిన్‌ది అని గుర్తుపెట్టుకుంటే చాలావరకు సరిపోతుంది.

‘ఉపరి’ గ్రీకులో ‘హైపర్’, లాటిన్‌లో ‘సూపర్’. ‘ఉప’ గ్రీకులో ‘హైపో’, లాటిన్‌లో ‘సబ్’. బీపీ, షుగర్ ఉన్న ఇళ్ళలో ఈ రెండూ రోజూ వినిపించేవే, హైపర్ అంటే ఎక్కువ, హైపో అంటే తక్కువ. ఉపసంఘాన్ని ‘సబ్ కమిటీ’ అంటున్నప్పుడు అనువాదం చేస్తున్నాం అనుకుంటాం. నిజానికి ఒకే మాటను రెండు యాసల్లో పలుకుతున్నాం. ‘అంతర్’ ‘ఇంటర్’ అయింది, ‘పరి’ ‘పెరి’ అయింది. పరిధికీ ‘పెరిఫెరీ’కీ మొదలు ఒకటే. ‘అప’ లాటిన్‌లో ‘అబ్’: అపహరణ, ‘అబ్‌డక్షన్’. నేను బట్టీపట్టి మరిచిపోయిన ‘అబెరంట్’కి అప్పుడు అర్థం వచ్చింది. దారి తప్పి పక్కకు పోయినది.

3. సంధి వచ్చు కాబట్టి స్పెల్లింగ్ కూడా వస్తుంది

సత్ + జనుడు ‘సత్‌జనుడు’ కాలేదు, సజ్జనుడు అయ్యాడు. ఉత్ + లాసం ఉల్లాసం. జగత్ + నాథుడు జగన్నాథుడు. వెనక వచ్చే హల్లు ముందున్న హల్లును తనలా మార్చేసుకుంటుంది. లాటిన్‌వాళ్ళ నాలుక కూడా మన నాలుకలాగే సుఖం కోరుకుంది. ‘ఇన్’ అనే వ్యతిరేకం ‘లీగల్’ ముందు ‘ఇల్’ అయింది, ‘రెగ్యులర్’ ముందు ‘ఇర్’, ‘మోర్టల్’ ముందు ‘ఇమ్’ అయింది.

అసలు మాయలాడి ‘అడ్’. దీని అర్థం ‘వైపు’. ఇది వేషం మార్చినన్నిసార్లు బహుశా ఇంకేదీ మార్చదు. ‘అట్రాక్ట్’, ‘అలొకేట్’, ‘అనౌన్స్’, ‘అఫెక్ట్’, ‘అగ్రిగేట్’ అన్నిటిలో మొదట ఉన్నది అదే. సంధి వల్ల హల్లు రెట్టింపు అయింది. కాబట్టి ‘ఏ’ అక్షరంతో మొదలై వెంటనే జంట హల్లు కనిపిస్తే లోపల ‘అడ్’ దాక్కుందేమో అని అనుమానించండి. ‘అకామడేట్’ స్పెల్లింగ్‌లో ఎన్ని సీలు, ఎన్ని ఎమ్ములు అని ఆఫీసు మెయిల్ రాసేటప్పుడు ఆగిపోని మనిషి లేడు. ‘అడ్ + కామ్ + మోడ్’ అని విడదీస్తే రెండు సీలు, రెండు ఎమ్ములు వాటంతట అవే వస్తాయి.

అన్నట్టు, ‘జగన్నాథ’ కూడా ఇంగ్లీషులోకి వెళ్ళింది, ‘జగర్‌నాట్’ అయి. పూరీ రథం మీది కథలు విన్న యూరపువాళ్ళు, అడ్డొచ్చిన దాన్నల్లా తొక్కుకుంటూ పోయే శక్తికి ఆ పేరు పెట్టేశారు. మన సంధి అలా లండన్ చేరింది.

4. ప్రతి మాటకీ నాలుగు వరుసలు రాయండి

నోటుబుక్‌లో ఒక్కో మాటకి: స్పెల్లింగ్, ముక్కలు, ముక్కల అర్థం మీ సొంత తెలుగులో, ఇప్పటి అర్థంతో మీ సొంత వాక్యం. మూడోదాన్ని గ్రాంథికంగా రాయకండి. మీ ఇంట్లో మాట్లాడే తెలుగే మనసులో నిలబడుతుంది.

‘సబ్జుగేట్’ తీసుకుందాం. ముక్కలు ‘సబ్’, ‘జుగుమ్’. ‘జుగుమ్’ అంటే కాడి, ఎడ్ల మెడ మీద పెట్టేది. సంస్కృతంలో ‘యుగం’కి కాడి అనే అర్థం కూడా ఉంది, ఇంగ్లీషు ‘యోక్’ కూడా అదే. సబ్జుగేట్ అంటే కాడి కిందికి తేవడం, లొంగదీసుకోవడం. ఇది వట్టి పోలిక కాదు. ఆనాటి ఇటలీలో ఓడిన సైనికులను ఈటెలతో కట్టిన కాడి కిందుగా, వంగి నడిపించేవాళ్ళు. క్రీ.పూ. 321లో కాడైన్ ఫోర్క్స్ కనుమ దగ్గర సామ్నైట్లనే ఇటలీ తెగ చేతిలో చిక్కి రోమన్ సైన్యమే అలా తల వంచి నడిచింది. ఈ దృశ్యం ఒకసారి కళ్ళ ముందుకొస్తే ఆ మాటను మరిచిపోవడమే కష్టం.

ఆ కాడి పేజీకి ఇంకా చుట్టాలు బోలెడు. ‘కాంజుగల్’ అంటే దాంపత్యానికి సంబంధించినది, ఒకే కాడికి కట్టిన ఇద్దరిది (పెళ్ళయినవాళ్ళకి విడమర్చి చెప్పక్కర్లేదు). ‘జంక్షన్’, ‘కంజంక్షన్’, ‘అడ్‌జంక్ట్’ అన్నీ కలపడమే. ‘యోగ’, ‘సంయుక్తాక్షరం’ మనవైపు చుట్టాలు. జీవశాస్త్రంలో చదివిన ‘జైగోట్’ గ్రీకు వైపు చుట్టం.

5. అర్థం మారిన మాటలను వేరే రంగు ఇంకుతో రాయండి

పుట్టుక గుర్తుపెట్టుకోవడానికి కొక్కెం మాత్రమే, అర్థం కాదు. ఈ తేడా మరిచిపోతే పరీక్షలో దెబ్బతింటారు. ‘గ్రెక్స్’ అంటే లాటిన్‌లో మంద. ‘గ్రిగేరియస్’ మందలో ఉండటం ఇష్టపడేవాడు, ‘కాంగ్రిగేట్’ మందగా చేరడం, ‘సెగ్రిగేట్’ మందలోంచి వేరు చేయడం. మరి ‘ఇగ్రీజియస్’? మందకి బయట నిలిచినవాడు. ఒకప్పుడు అది పొగడ్త, ‘వందమందిలో ఒకడు’ అన్నట్టు. ఇప్పుడు దాని అర్థం ‘ఘోరమైన’. ‘ఇగ్రీజియస్ ఎర్రర్’ అంటే క్షమించరాని తప్పు. ‘నైస్’ సంగతి మరీ వింత. దాని లాటిన్ మూలం ‘ఏమీ తెలియనివాడు’.

అర్థం ఎందుకు మారిందో కథ దొరికితే మాత్రం వదలకండి. మన వైద్యంలో వాతం, పిత్తం, కఫం ఉన్నట్టు, పాత గ్రీకు వైద్యంలో నాలుగు ద్రవాలు ఉండేవి: రక్తం, కఫం, పసుపు పిత్తం, నల్ల పిత్తం. ఏది ఎక్కువైతే మనిషి స్వభావం అలా ఉంటుందని నమ్మేవాళ్ళు. రక్తం ఎక్కువైతే ‘సాంగ్విన్’, అంటే ఉత్సాహంగా, ఆశతో ఉండేవాడు. కఫం ఎక్కువైతే ‘ఫ్లెగ్మాటిక్’, దేనికీ చలించని నిదానస్తుడు. పసుపు పిత్తం ‘కాలరిక్’, ముక్కు మీద కోపం. నల్ల పిత్తం ‘మెలంకలీ’, దిగులు. ‘హ్యూమర్’ అనే మాటకు మొదటి అర్థం కూడా ద్రవమే. మనం మాత్రం తక్కువ తిన్నామా? ‘వాడికి సినిమా పైత్యం’ అంటాం. పైత్యం అంటే పిత్త దోషం. ఒక్క మన తిట్టు పట్టుకుంటే నాలుగు జీఆర్ఈ మాటలు వచ్చాయి.

6. చుట్టరికం కలిపే ముందు విచారించండి

ఈ ఆట మొదలుపెట్టిన నెలకి మీకు ఒక జబ్బు పట్టుకుంటుంది. ప్రతి తెలుగు మాటా ఇంగ్లీషులో కనిపిస్తుంది. అటకకీ ‘ఆటిక్’కీ, కాసుకీ ‘క్యాష్’కీ చుట్టరికం కలిపేస్తారు. ఆటిక్ గ్రీసులోని ఆటికా ప్రాంతపు కట్టడాల పేరు మీద వచ్చింది. డబ్బు అనే అర్థంలో క్యాష్, ‘పెట్టె’ అనే ఫ్రెంచి, ఇటాలియన్ మాటల నుంచి వచ్చింది. రెండూ మనవి కావు.

అచ్చ తెలుగు మాటలకు లాటిన్‌తో రక్తసంబంధం లేదు. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని, తమిళ కన్నడాలతో కలిసి వేరే కుటుంబమని 1816లో మద్రాసులో పనిచేసిన ఇంగ్లీషు అధికారి ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ చూపించాడు, అదీ ఒక తెలుగు వ్యాకరణానికి రాసిన ముందుమాటలో. కాబట్టి పోలిక కనిపించగానే ముందు ఆ తెలుగు మాట తత్సమమా (సంస్కృతం నుంచి వచ్చిందా), దేశ్యమా (అచ్చ తెలుగా) చూడండి. బ్రౌన్ నిఘంటువులో మాట పక్కనే అది సంస్కృతమా, తెలుగా, హిందూస్తానీయా అని గుర్తు ఉంటుంది. ‘ఆంధ్రభారతి’ సైటులో వెతుక్కోవచ్చు. సంస్కృతం అయితే ఇంగ్లీషు వైపు కూడా తనిఖీ చేయండి. రెండూ కలిస్తేనే పేజీ మీదికి రానివ్వండి.

ఇంగ్లీషు లోపల కూడా ఇలాంటి మోసాలు ఉన్నాయి. ‘పెడెస్ట్రియన్’లో ఉన్నది లాటిన్ పాదం, మన ‘పద’. ‘పీడియాట్రిషన్’లో ఉన్నది గ్రీకు బిడ్డ. పిల్లల డాక్టరుకీ పాదాలకీ సంబంధం లేదు.

తెలుగు మాటలు నేరుగా ఇంగ్లీషులోకి వెళ్ళినవీ ఉన్నాయి, అవి చుట్టరికం కాదు, వలస. ‘బ్యాండికూట్’ మన పందికొక్కు. ‘పిట్టా’ అనే రంగుల పక్షి జాతి పేరు మన పిట్టే. ఇంగ్లీషు నిఘంటువులో ‘గోల్కొండ’ అని కొట్టి చూడండి, ‘తరగని సంపద’ అని అర్థం ఇస్తుంది. వజ్రాల వ్యాపారం తెచ్చిన పేరు అది.

7. వారానికి మూడు వేళ్ళు చాలు

ఎక్కువ వద్దు. ఒక వేరు రాసిన మర్నాడు, మూడు రోజులకి, వారానికి, నెలకి అదే పేజీ మూసిపెట్టి కుటుంబాన్ని గుర్తు తెచ్చుకుని రాయండి. మరిచిపోవడం మొదట్లోనే వేగంగా జరుగుతుందని 1885లోనే జర్మనీలో హెర్మన్ ఎబింగ్‌హౌస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన మీద తానే ప్రయోగం చేసుకుని రాశాడు. ఫోన్‌లో చేయాలనుకుంటే ‘ఆంకీ’ యాప్ ఈ లెక్క తనే చూసుకుంటుంది. నాకైతే చేత్తో రాస్తేనే పడుతుంది.

రోజుకి ఒక ఇంగ్లీషు సంపాదకీయం చదవండి. తెలియని మాటకి వెంటనే అర్థం చూడకండి. ముక్కలు విప్పి ఊహించి, పక్కన పెన్సిల్‌తో రాసి, అప్పుడు చూడండి. తప్పిన ఊహే ఎక్కువ కాలం గుర్తుంటుంది.

8. వాడేటప్పుడు చెయ్యి అదుపులో పెట్టుకోండి

కొత్త మాటలు వచ్చాక అందరం ఒకే తప్పు చేస్తాం, అన్నీ ఒకే మెయిల్‌లో కుమ్మరిస్తాం. ఇంగ్లీషులో ఒకే పనికి రెండు మూడు అంతస్తుల మాటలు ఉంటాయి. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక ఫ్రెంచి దొరల భాష అయింది, లాటిన్ చర్చిలో, పుస్తకాల్లో ఉండేది. అందుకే ‘ఆస్క్’ ఇంటి మాట, ‘క్వశ్చన్’ ఫ్రెంచి మీదుగా వచ్చింది, ‘ఇంటరాగేట్’ లాటిన్ పుస్తకాలది. మూడూ ‘అడగడమే’, కానీ పక్కింటాయన్ని ఇంటరాగేట్ చేశానంటే మీరు పోలీసు అనుకుంటారు. మనకిది కొత్త కాదు. నెయ్యి, ఘృతం ఒకటే. అలాగని ఎవరింటికైనా భోజనానికి వెళ్ళి ‘కొంచెం ఘృతం వడ్డించండి’ అని చూడండి! ఏ ఇంగ్లీషు మాట నెయ్యి, ఏది ఘృతం అని నోటుబుక్‌లో ఒక గుర్తు పెట్టుకోండి. నేను ‘నె’, ‘ఘృ’ అని రాసుకుంటాను.

మొదటి మూడు వారాలకి వేళ్ళు కావాలంటే ఇవి తీసుకోండి: జన్ (జననం, జన్యువు, ‘జెనెసిస్’, ‘ప్రాజెనీ’, ‘కంజెనిటల్’), స్థా (స్థిరం, స్థానం, ‘స్టేబుల్’, ‘అబ్‌స్టకిల్’), దా (దానం, ‘డొనేట్’, ‘యాంటిడోట్’), భృ (భారం, ‘ట్రాన్స్‌ఫర్’, ‘మెటఫర్’), వాక్ (‘వోకల్’, ‘వొసిఫరస్’, ‘ఈక్వివొకల్’), నవ (‘నావిస్’, ‘ఇన్నొవేట్’), మధ్య (‘మీడియేట్’, ‘మీడియోకర్’). జాను కూడా చేర్చుకోండి, ఆజానుబాహుడు తెలిసినవాళ్ళకి మోకాలు వంచే ‘జెనుఫ్లెక్ట్’ ఊరికే వచ్చేస్తుంది.

ఈ రాత్రికి మాత్రం మృత్యువు పేజీ తెరవండి. ‘మోర్టల్’, ‘మార్చురీ’, ‘మోరిబండ్’ సులువుగానే పడతాయి. అమృతం, గ్రీకు దేవతలు తినే ‘ఆంబ్రోసియా’ ఒకే వేరువని తెలిస్తే సరదాగా ఉంటుంది. చివర్లో ‘మార్ట్‌గేజ్’ తగులుతుంది. పాత ఫ్రెంచిలో దాని అర్థం ‘చచ్చిన తాకట్టు’. తాకట్టు అనే మాటలో చావు ఎందుకు వచ్చిందో నిఘంటువు వివరిస్తుంది. ఇరవై ఏళ్ళ హోమ్ లోన్ ఉన్నవాళ్ళు ఆ ఒక్క మాటకి నిఘంటువు తెరవకపోయినా ఫరవాలేదు.